ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకి 38 వేల కేబుల్ పెడితే నిజంగా తేడా వస్తుందా?

ఓరుగల్లు_శ్రోత (వరంగల్)

అందరికీ నమస్తే. ఇది అడిగితే లొల్లి అయితదని తెలుసు, అయినా అడుగుతున్నా.

పోయిన దసరాకి హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర మార్టిన్ లోగన్ ఎలక్ట్రోమోషన్ జత సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. చూడని వాళ్లకి చెప్తున్నా, పైన ఒంపు తిరిగిన ఇనుప జాలీ లాంటి ప్యానెల్, కింద డబ్బాలో 8 అంగుళాల ఊఫర్. డీసీఎంలో రెండు పరుపుల మధ్య పడుకోబెట్టి తెచ్చిన. ఇంటికి రాగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "చలికాలానికి హీటర్లు తెచ్చినవా బిడ్డా?"

సౌండ్ గురించి చెప్పాలంటే, ఎం.ఎస్. గారి పాట పెడితే వెనకాల తంబూర వేరేగా నిలబడి వినిపిస్తుంది, మామూలు డబ్బా స్పీకర్లలో అది పాటలో కలిసిపోయేది. అయితే రెండు మూడు నెలల నుంచి ఎడమ పక్క కొంచెం మందంగా, దుప్పటి కప్పినట్టు ఉంది. నా భ్రమేనేమో అని కూడా అనిపిస్తుంది. ఆంప్ (యాంప్లిఫయర్) టీవీ పక్కన ఉంది, అక్కడి నుంచి ఎడమ స్పీకర్‌కి వైరు ఆరు మీటర్లు, కుడి దానికి మూడు మీటర్లు. వైరు ఏందంటే చౌరస్తాలో మీటరు లెక్కన కోసి ఇచ్చే ఎర్ర నల్ల ఫ్లెక్సిబుల్, 1 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటరు) లావు.

స్పీకర్లు అమ్మినాయన ఫోన్‌లో "ఎలక్ట్రోస్టాటిక్‌కి ఆ వైరు పెట్టావా, బెంజ్ కారుకి సైకిల్ టైరు వేసినట్టు" అన్నాడు. ఒక షాపాయన 38 వేలకి జత కేబుల్ చూపించాడు, మూడు రోజులు ఇంట్లో పెట్టి వినమని ఇచ్చాడు కూడా. పెట్టి విన్నా. అబద్ధం ఎందుకు, మస్తు తేడా అనిపించింది. దుప్పటి తీసేసినట్టే. దాంతో పాటు పవర్ కార్డ్ కూడా మార్చమంటున్నాడు, అదింకో 15 వేలు.

38 వేలంటే నాకు చిన్న మాట కాదు. మామూలు స్పీకర్ల సంగతి వదిలేయండి, ఎలక్ట్రోస్టాటిక్‌ల మీద కేబుల్ పని చేస్తుందా లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంకోటి, రాత్రి పూట ప్యానెల్ నుంచి అప్పుడప్పుడు టిక్... టిక్ అని వస్తుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

*

రాగి_తీగ

రాగి రాగే. 38 వేలు నాకు పంపు, నేనొచ్చి "ఆహా దుప్పటి తీసేసినట్టుంది" అని రోజూ చెప్తా.

*

వెండి_పూత (కరీంనగర్)

పైన అన్నకి చెవులు లేనట్టున్నాయి, ఏమీ అనుకోకండి. నేను వెండి పూత కేబుల్ పెట్టి ఐదేళ్లు. మా రూంలోకి వచ్చినవాళ్లు అడగకుండానే "ఏం మార్చావ్" అన్నారు. ప్రతిదీ మీటర్లో కనిపించదు. నువ్వు స్వయంగా విన్నావు కదా, నీ చెవిని నమ్ము. వంద గంటలు మోగితే ఇంకా తెరుచుకుంటుంది.

*

రాగి_తీగ

వంద గంటలు మోగితే తెరుచుకునేది మీ చెవులన్నా, కేబుల్ కాదు.

*

పాత_ల్యాబ్ (కాజీపేట)

ఇద్దరూ జర ఆగండి. ఇద్దరిలోనూ సగం సగం నిజం ఉంది, కానీ ఎవరూ ఆ అబ్బాయి స్పీకర్ ఏంటో చూడకుండానే మాట్లాడుతున్నారు.

నేను ఇంజనీరింగ్ కాలేజీ ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పని చేసి దిగిన వాణ్ణి. ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ అంటే మనం ఫ్యాన్‌లో వేసే కండెన్సర్ ఉంటుంది చూడండి, దాన్నే తలుపంత చేసి నిలబెట్టినట్టు. రెండు జాలీల మధ్య వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచటి ప్లాస్టిక్ పొర. ఆ పొర మీద కొన్ని వేల వోల్టుల చార్జ్ ఎక్కించి పెడతారు, పాట సిగ్నల్‌ని లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి జాలీలకి ఇస్తారు, పొర అటూ ఇటూ లాగబడుతుంది. కాయిల్ లేదు, అయస్కాంతం లేదు.

కండెన్సర్ గుణం ఏంటి? ఫ్రీక్వెన్సీ, అంటే స్వరం ఎత్తు, పెరిగేకొద్దీ దాని అడ్డు తగ్గుతుంది. అందుకే ఈ స్పీకర్ల ఇంపీడెన్స్, అంటే కరెంట్‌కి చూపే అడ్డు, పై స్వరాలకి పోయేకొద్దీ పడిపోతుంది. నీ మోడల్‌కి కంపెనీ వాడే రాసిచ్చాడు, మామూలుగా 6 ఓంలు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర (చెవికి వినిపించే పై కొస) 1.6 ఓంలు. మామూలు డబ్బా స్పీకర్‌లో పైన ఇంత పడదు. మామూలు స్పీకర్‌కి కేబుల్ తేడా చేయదని చెప్పే లెక్కంతా స్పీకర్ 6, 8 ఓంలు అనుకుని వేసింది. ఇక్కడ ఆ లెక్క మళ్లీ వేయాలి.

వేద్దాం. 1 ఎస్‌క్యూ ఎంఎం ఫ్లెక్సిబుల్ వైరు కిలోమీటరుకి దాదాపు 19.5 ఓంలు. నీ ఎడమ స్పీకర్‌కి ఆరు మీటర్లు, పోవడం రావడం కలిపి పన్నెండు. అంటే 0.23 ఓం. 1.6 ఓంల ముందు 0.23 అంటే పై స్వరాల్లో సౌండ్ 1.2 డెసిబెల్ (సౌండ్ కొలత) దాకా పోతుంది. అదే మధ్య స్వరాల్లో, 6 ఓంల దగ్గర, పోయేది 0.3 మాత్రమే. అంటే మొత్తం తగ్గడం కాదు, పై కొసే ఇంకో 0.9 డెసిబెల్ వంగుతుంది. కుడి పక్క మూడు మీటర్లే కాబట్టి అటు దాదాపు సగమే వంగుతుంది. ఎడమ మందంగా ఉందన్నావు, పూర్తిగా భ్రమ అనలేను. కానీ "దుప్పటి" అనేంత తేడా ఈ లెక్కలో రావట్లేదు, ఇంకేదో ఉంది.

ఇప్పుడు 2.5 ఎస్‌క్యూ ఎంఎం వేస్తే అదే ఆరు మీటర్లకి 1.2 పోయే చోట 0.5 పోతుంది. 4 వేస్తే 0.3. రెండున్నరకీ నాలుక్కీ తేడా 0.2 డెసిబెల్, అక్కడ నేను ఆపేస్తాను. గమనించు, ఈ లెక్కలో ఎక్కడా ధర రాలేదు. మందం, పొడవు, అంతే.

ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఇండక్టెన్స్, అంటే మారే కరెంట్‌కి తీగ చూపే అడ్డు, స్వరం పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. పక్కపక్కన నడిచే రెండు తీగల వైరుకి మీటరుకి సుమారు 0.6 మైక్రోహెన్రీ వేసుకో. ఆరు మీటర్లకి 3.6. 20 కిలోహెర్ట్జ్ దగ్గర అది 0.45 ఓం అడ్డు, అంటే నీ రాగి అడ్డుకి రెండింతలు. తీగ లావు చేస్తే ఇది పెద్దగా తగ్గదు, రెండు తీగలూ ఎంత దగ్గరగా ఉంటే అంత తగ్గుతుంది. ఎరుపు ఒక పక్క, నలుపు ఒక పక్క విడదీసి, కింద పింగాణీ దిమ్మెలు పెట్టి పరిచే వాళ్లున్నారు. ఎలక్ట్రోస్టాటిక్‌కి అలా చేయడమంటే మనమే తెచ్చి అడ్డు పెట్టినట్టు. పైగా ప్యానెల్ కండెన్సర్ కాబట్టి ఈ ఇండక్టెన్స్ దాంతో కలిసి ఒక్కోసారి పైకొసని తగ్గించకుండా లేపుతుంది కూడా. కొన్ని కేబుళ్లు పెడితే "మెరుపు వచ్చింది" అనేది అదే అయ్యుండొచ్చు. మెరుపు వచ్చినంత మాత్రాన అది సరైన సౌండ్ అని కాదు.

పవర్ కార్డ్ గురించి. ఆ 15 వేలు పెట్టకు. పొరకి చార్జ్ ఎక్కించడానికే ఈ స్పీకర్లని గోడ ప్లగ్‌కి పెట్టేది. పొర మీద చార్జ్ నిలబడి ఉంటుంది, దాంట్లోంచి పారే కరెంట్ ఉన్నా లేనట్టే, పైగా మధ్యలో మెగా ఓంల రెసిస్టెన్స్ కావాలనే పెడతారు. దాని ముందు గోడ నుంచి వచ్చే మీటరున్నర వైరు ఏం చేస్తుంది?

టిక్ టిక్ సంగతి తర్వాత రాస్తా, మా ఆవిడ అన్నానికి పిలుస్తోంది.

*

వైండింగ్_షాప్ (జగిత్యాల)

సార్ చెప్పిన లెక్క మాకు రోజూ ఉండేదే. మాది మోటర్ వైండింగ్ షాపు. మూడొందల ఫీట్ల బోర్ల సన్నటి వైరు దించుతరు, పైన వోల్టేజ్ మంచిగనే ఉంటది, కింద మోటర్ గుంయ్ అంటది గాని నీళ్లు ఎత్తదు. రైతు వచ్చి మోటర్ బాగలేదంటడు. వైరు మార్చితే మోటర్ అదే, నీళ్లు అవే. కానీ ఒక మాట, నాలుగు ఎస్‌క్యూ సరిపోయే చోట పదహారు ఎస్‌క్యూ వేస్తే రెండింతలు నీళ్లు రావు. సరిపోయేదాకనే లెక్క, ఆ పైన రాగి వాడికి లాభం.

తమ్మీ, ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాత వైరు కొసలు చూసినవా? వైరు పీకి పెట్టినప్పుడు తేడా వచ్చిందంటే నేనైతే ముందు జాయింట్‌ని అనుమానిస్త. షాపుకి వచ్చే కేసుల్ల సగం జాయింట్‌వే.

*

ఓరుగల్లు_శ్రోత

అన్నా, ఇప్పుడే చూసి వస్తున్నా. సిగ్గుగా ఉంది.

ఎడమ స్పీకర్ వెనక స్క్రూ విప్పితే వైరు కొస ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. బిగించిన రోజు బ్లేడుతో తొక్క తీసిన, అప్పుడే సగం పోగులు తెగినట్టున్నాయి, లెక్కపెడితే తొమ్మిదే మిగిలాయి. అందులో రెండు స్క్రూ బయట గాల్లో ఉన్నాయి. కుడి పక్కది మంచిగనే ఉంది. షాపాయన కేబుల్‌కి బనానా ప్లగ్‌లు (వైరు కొసకి ఉండే గుచ్చే పిన్నులు) ఉన్నాయి కాబట్టి అది పెట్టినప్పుడు ఈ గోలంతా తప్పిపోయింది.

అయితే నేను విన్న తేడా కేబుల్‌దా, చిలుముదా?

*

రాగి_తీగ

38 వేల చిలుము.

*

వెండి_పూత (కరీంనగర్)

ఒప్పుకుంటా, జాయింట్ బాగలేకపోతే ఎవరిదైనా అదే గతి. కానీ కొసలు కోసి మళ్లీ బిగించి విను, అప్పుడు కూడా తేడా ఉంటే నాకు చెప్పాలి.

*

క్వాడ్_తాత (మంచిర్యాల)

నా దగ్గర క్వాడ్ కంపెనీ ఎలక్ట్రోస్టాటిక్ పాత జత ఉంది, 1957లో ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చిన మోడల్, ఆ కంపెనీ పెట్టిన పీటర్ వాకర్ చేసింది. నాది ఆ మొదటి ఏటిది కాదులెండి, చాలా తర్వాతిది, రెండుసార్లు ప్యానెళ్లు మార్పించాను. దీనికీ అదే కథ, కింది స్వరాల్లో ముప్పై ఓంలు ఎక్కి పై స్వరాల్లో రెండు ఓంలకి దిగుతుంది.

కేబుళ్ల మీద ఇంత రాశారు గానీ ఆంప్ గురించి ఒక్కరూ అడగలేదు. నేను ముందు ఒక వాల్వ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ బదులు గాజు బుడ్లు ఉండేది) పెట్టాను, దాని సొంత అవుట్‌పుట్ ఇంపీడెన్సే ఒక ఓం పైన. పాత_ల్యాబ్ గారి లెక్కే వేయండి, 1.6 ఓంల ముందు 1 ఓం పెడితే నాలుగు డెసిబెల్ పోతుంది. నాలుగు! కేబుల్‌లో అర డెసిబెల్ కోసం కొట్టుకుంటున్నాం ఇక్కడ. ఆ ఆంప్‌తో వయొలిన్ వింటే పట్టులా ఉండేది, అది ఇష్టమైతే తప్పు లేదు, కానీ అది ఆంప్ వేసిన పట్టు. అసలు కొన్ని ఆంపులు ఈ కండెన్సర్ లోడ్ చూసి వణుకుతాయి, వేడెక్కుతాయి. తమ్ముడూ, నీ ఆంప్ తక్కువ ఓంలకి తట్టుకుంటుందా?

ఇంకో మాట, కుర్చీ. ఈ ప్యానెల్ పై స్వరాలని టార్చి లైటులా ఒకే దిక్కుకి కొడుతుంది. నీ స్పీకర్‌కి ఒంపు ఉంది కాబట్టి కొంత నయం. అయినా తల అరడుగు పక్కకి జరిపి విను, ఏ కేబుల్ చేయనంత తేడా వస్తుంది. కేబుల్ మార్చడానికి లేచి, వంగి, తిరిగొచ్చి కూర్చున్నావే, అదే చోట కూర్చున్నావా?

*

పాత_ల్యాబ్ (కాజీపేట)

అన్నం అయింది. టిక్ టిక్.

వరంగల్‌లో ఎక్కడ ఉంటావు బాబూ? ఎనుమాముల దిక్కు అయితే నాకు ఆశ్చర్యం లేదు. పత్తి సీజన్‌లో మార్కెట్ రోడ్డులో గాల్లోనే దూది ఉంటుంది. వేల వోల్టుల చార్జ్ ఉన్న పొర దుమ్ముని రా రమ్మని లాక్కుంటుంది, టీవీ తెర మీద దుమ్ము చూడలేదా, అంతే. ఆ నూగు పొరకీ జాలీకీ మధ్యన ఇరుక్కుంటే చార్జ్ అక్కడ కారుతుంది, టిక్ అంటుంది. వానాకాలం తేమలో ఎక్కువవుతుంది. స్పీకర్ ప్లగ్ పీకేసి ఒక రాత్రి వదిలెయ్, చార్జ్ దిగిపోవాలి. పొద్దున మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో ముందు నుంచి పై నుంచి కిందికి లాగు. తడిబట్ట వద్దు, స్ప్రే అసలు వద్దు. వాడనప్పుడు ఒక పాత చీర కప్పి ఉంచు.

గోడకి ఎంత దూరం పెట్టావు? ప్యానెల్ వెనక నుంచి కూడా అంతే సౌండ్ వస్తుంది.

*

ఓరుగల్లు_శ్రోత

ఎనుమాముల రోడ్డే సార్! ఎట్ల పట్టుకున్నారు.

గోడకి ఎనిమిది అంగుళాలు. దివాన్ కాట్ ఉంది కాబట్టి ముందుకి రాదు. ఆంప్ ట్రాన్సిస్టర్ దే, 4 ఓంల వరకు అని వెనక రాసి ఉంది.

*

పాత_ల్యాబ్ (కాజీపేట)

ఎనిమిది అంగుళాలా! కనీసం రెండు మూడడుగులు కావాలి. దివాన్ జరుపు, నీ 38 వేల కేబుల్ అక్కడుంది.

వైరుకి ఇలా చెయ్యి. ఇళ్లల్లో వాడే 2.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు ఎరుపు, నలుపు కొను, పొడవుకి కొంచెం ఎక్కువే. ఒక కొస కిటికీ ఊచకి కట్టు, రెండో కొస డ్రిల్ మెషిన్‌లో బిగించి నెమ్మదిగా తిప్పు, అంగుళంన్నరకి ఒక మెలిక పడేదాకా. దగ్గరగా మెలి పడితే ఇండక్టెన్స్ కూడా తగ్గుతుంది. కొసలకి బనానా ప్లగ్‌లు. వీలైతే ఆంప్‌ని రెండు స్పీకర్ల మధ్యకి తెచ్చి రెండు పక్కలా మూడు మీటర్లే పెట్టు.

ఆ తర్వాత షాపాయన కేబుల్‌తో పోల్చి చూడు. చూడకుండా వినాలి.

*

వైండింగ్_షాప్ (జగిత్యాల)

బోర్ మోటర్ ఫ్లాట్ కేబుల్ కూడా పనికొస్తది, పక్కపక్క రెండు కోర్లు వాడుకోవాలె. మా షాపుల పాటలు అదే వైరు మీద పాడుతున్నయి. చూడటానికి మాత్రం బాగుండదు, ఇంట్ల ఆడవాళ్లు ఒప్పుకోరు.

*

ఓరుగల్లు_శ్రోత

ఆదివారం పని అయింది. అడిగినవాళ్లందరికీ కలిపి రాస్తున్నా.

డ్రిల్‌తో వైరు తిప్పుతుంటే కిటికీ దగ్గర ముడి ఊడి, కొస వచ్చి మా తమ్ముడి మోచేతికి తగిలింది, పెద్దగా ఏం కాలేదు. వాడే తర్వాత వైర్లు మార్చే పని చేశాడు. నేను ఒకే కుర్చీలో, నేల మీద సుద్దముక్కతో కాళ్లకి గుర్తు పెట్టుకుని, గోడ వైపు నుంచి చూపు తిప్పి కూర్చున్నా. వాడు ప్రతిసారి బొమ్మ బొరుసు వేసుకుని, నాకు చెప్పకుండా, ఆంప్ ఆఫ్ చేసి ఏదో ఒకటి పెట్టి, ప్రతిసారి వెనక్కి వెళ్లి సమానంగా చప్పుడు చేసి వచ్చాడు (మార్చకపోయినా మార్చినట్టు). వాల్యూం ముట్టుకోలేదు. వినింది బాలమురళి గారి ఆలాపన, అదే ముప్పై సెకన్లు.

మొదట చిలుము కొస కోసేసి, కొత్తగా బిగించిన పాత 1 ఎస్‌క్యూ వైరుకీ 38 వేల కేబుల్‌కీ మధ్య. పన్నెండుసార్లలో తొమ్మిది సరిగ్గా చెప్పా. తంబూర మీద ఉండే ఆ జీర ఉంటది చూడండి, పాత వైరులో అది కొంచెం లోపలికి పోతుంది. దుప్పటి మాత్రం లేదు. దుప్పటి చిలుముతోనే పోయింది.

తర్వాత మెలిపెట్టిన 2.5 వైరుకీ 38 వేల దానికీ. పన్నెండుకి ఆరు. మధ్యలో ఒకసారి "ఇది పక్కా ఖరీదుదే, ఎంత గాలి ఆడుతుందో" అని చాలా నమ్మకంగా అన్నా. మా తమ్ముడు కాగితం చూసి నవ్వడం మొదలుపెట్టి పది నిమిషాలు ఆపలేదు. అది రెండు వరసల ముందు నేనే "కొంచెం గరుకుగా ఉంది" అన్న వైరు.

దివాన్ కాట్ బయటి వరండాలోకి పోయింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు సాయంత్రం అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. స్పీకర్లు రెండున్నర అడుగులు ముందుకి వచ్చాయి. సార్, మీరన్నది నిజం, పాడేవాళ్లు గోడ వెనక్కి వెళ్లి నిలబడ్డట్టు అయింది. ఇది గుడ్డి పరీక్ష పెట్టాల్సిన తేడా కాదు, అమ్మకి కూడా తెలిసింది.

వాక్యూమ్ చేస్తే సంచిలో తెల్లగా చిటికెడు దూది. టిక్ టిక్ నిన్నటి నుంచి లేదు.

*

రాగి_తీగ

బాగా చేశావు, కానీ మార్చడానికి ఎంత సేపు పట్టింది? నిమిషం దాటితే చెవికి గుర్తుండదు. పన్నెండుకి తొమ్మిది కూడా గుడ్డిగా కొట్టినా పడే లెక్కే, వందలో ఏడుసార్లు పడుతుంది.

*

ఓరుగల్లు_శ్రోత

నిమిషంన్నర దాకా పట్టింది అన్నా, నిజమే. అందుకే ఆ తొమ్మిది మీద నేనేం ఒట్టు వేయను. కానీ ల్యాబ్ సార్ లెక్క కూడా అదే దిక్కు చూపిస్తుంది కదా, సన్న వైరు తీసేశా.

*

వెండి_పూత (కరీంనగర్)

నేను కూడా మా బావమరిదిని కూర్చోబెట్టి ఇలా ఒకసారి చేస్తా. ఫలితం ఏదైనా ఇక్కడ పెడతానని మాత్రం మాటివ్వను.

*

క్వాడ్_తాత (మంచిర్యాల)

ఆంప్ 4 ఓంల వరకే అన్నావు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర పాటల్లో శక్తి తక్కువ కాబట్టి నడుస్తుంది, కానీ గట్టిగా పెట్టినప్పుడు చెయ్యి పెట్టి వేడి చూస్తూ ఉండు. షాపాయన కేబుల్ తిరిగి ఇచ్చావా?

*

ఓరుగల్లు_శ్రోత

ఇచ్చేశా. "తేడా తెలియలేదా" అన్నాడు. "గోడకి దూరం జరిపాను సార్" అన్నా. ఆయనకి అర్థం కాలేదు, పవర్ కార్డ్ అయినా తీసుకెళ్లి వినమని చేతిలో పెట్టాడు. ఇప్పుడది డబ్బాలోనే ఉంది, శనివారం వాపస్ ఇవ్వాలి.